గోడ మీది బొంతకాకి సలహా

వేల్స్ దేశపు కొండల్లో నాంట్‌గ్లాస్ అని ఒక ఊరుంది. ఊరంటే పెద్దగా ఏం లేదు. ఒక రాతి వంతెన, మూతబడ్డ పలకరాళ్ల గని, కొండ వాలులో ఒక చర్చి, చర్చి సమాధుల చుట్టూ ఎత్తైన గోడ. కొండ నెత్తిన మాత్రం ఎవరు పాతారో తెలియని నిలువురాయి ఉంది. ఆ కొండకు కంచె లేదు. ఎక్కడ మేయాలో, తుఫానుకు ఎక్కడ నిలబడాలో గొర్రెలకు తల్లులే నేర్పాలి.

మార్చి నెల మధ్యాహ్నం ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. మందకు పెద్ద దిక్కయిన ముసలి గొర్రె నెస్తా కుంటుకుంటూనే ముందు నడిచింది.

"నిలువురాయి దగ్గరికి నడవండి! మంచు తుఫాను వచ్చేస్తోంది."

గ్వెన్‌కి అది తొలికాన్పు. పిల్ల పుట్టి మూడు రోజులే. అది గడగడా వణుకుతుంటే తల్లి దాన్ని ఒంటికి ఆనించుకుని ఆగిపోయింది.

"అక్కడ గాలి ఈడ్చి కొడుతుంది అత్తా! నా బిడ్డ తట్టుకోలేదు."

"గాలి కొట్టే చోట మంచు నిలవదే పిల్లా. బిడ్డని నా పొట్ట కింద పెట్టుకుంటాను, రా. మా అమ్మ నన్ను అలాగే బతికించింది."

చర్చి గోడ మీద కూర్చున్న బొంతకాకి ఇదంతా వింది. ఎక్కడలేని ప్రేమా ఒలకబోసింది.

"ఆవిడకి ఒంటినిండా ఉన్ని. పసిదాని చలి ఆవిడకేం తెలుస్తుంది? ఇటు రా అమ్మాయీ. ఈ గోడ చాటున ఆకు కూడా కదలదు."

"నువ్వు చలికాలమంతా ఇక్కడేనా మామా?"

"ఏటా ఇక్కడే. నాకెప్పుడూ ఏ లోటూ రాలేదు."

నెస్తా గొంతు పోయేలా పిలిచింది. గ్వెన్ చెవిన పెట్టలేదు. గోడ చాటున నిజంగానే గాలి లేదు. పిల్ల వణుకు తగ్గి పాలు తాగింది. అత్త కంటే తనకే ఎక్కువ తెలుసని గ్వెన్ మురిసిపోయింది కూడా, పిచ్చితల్లి.

గాలి కొండమీది మంచునంతా ఊడ్చుకొచ్చింది. గోడ దాటగానే దాని విసురు తగ్గి, తెచ్చిందంతా అక్కడే పోసింది. గ్వెన్ లేవబోయేసరికి మంచు మెడదాకా వచ్చేసింది.

రెండో రోజు రైతు ఎమ్రిస్ కుక్కతో వచ్చి తవ్వాడు. గ్వెన్ బతికింది. పిల్ల బతకలేదు. నిలువురాయి దగ్గర మంద మొత్తం క్షేమంగా ఉంది. ఎమ్రిస్ పక్క మందల్ని వెతకడానికి పరుగెత్తాడు.

కాకి గోడ దిగి చచ్చిన పిల్ల వైపు గెంతింది. గ్వెన్ తన బిడ్డకు అడ్డంగా నిలబడింది.

"ఇలా అవుతుందని నీకు తెలుసా?"

"తెలియకపోతే ఇన్నేళ్లు ఎలా బతికాననుకున్నావు?"

"నా బిడ్డని ముట్టుకోనివ్వను!"

"కావలి కాసుకో అమ్మాయీ. రెండు రోజులుగా నువ్వు గడ్డిపరక ముట్టలేదు. ఎంతసేపు నిలబడతావు? నాకేం తొందర లేదు."

గ్వెన్ సాయంత్రం దాకా నిలబడింది. తరవాత ఆకలికి ఆగలేక, మేత కోసం కొండెక్కింది. వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాల్లేదు.

నీతి: సలహా తియ్యగా ఉన్నప్పుడు, మనం చెడితే చెప్పినవాడికేం ఒరుగుతుందో ముందు చూసుకోవాలి.