ఎవరూ పట్టుకోని చెయ్యి

నిన్న కోర్టు హాల్లో మీరూ ఉన్నారు. బోనులో నిలబడ్డ మనిషిని, పట్టుకొచ్చిన పోలీసులు గుమ్మంలోనే ఉండగా, మేజిస్ట్రేటు తల ఎత్తకుండానే అడిగాడు: "పోలీసులేమైనా కొట్టారా?" ఆ మనిషి "లేదయ్యా" అన్నాడు. అది అందరం విన్నాం. విన్నది వద్దు. ఏం చూశారో చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే ఇది చదవండి.

ఆ మనిషి తరఫున నిలబడ్డది వరూధిని. కొత్త వకీలు. ఇవాళ సాయంత్రం ఓబులేసు మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆయన సగం జీవితం జైళ్లలో గడిపి, అక్కడే చట్టం నేర్చుకున్నవాడు. ఎవరేమడిగినా వాదించడు.

"మాస్టారూ, తిట్టకండి," అంది వరూధిని. "పోలీసుల దగ్గర ఒప్పుకున్నది చెల్లదని రాసింది తెల్లవాడే కదా? పోలీసుల్ని బయటికి పంపి అడగాలన్నదీ వాళ్ల ఏర్పాటే. మన రాజులు దొంగకి ఈపాటి హక్కయినా ఇచ్చారా? ఆ మేలు ఒప్పుకుంటే తప్పేంటి?"

"తిట్టేంత ఓపిక లేదులే. టీ చల్లారుతోంది, తాగు," అని మాస్టారు ఈ సంగతి చెప్పాడు.

ఆయన తల్లికి తండ్రి గోవిందు. ఎరుకల మనిషి. పుట్టుకతోనే దొంగలని దొరతనం ముద్ర వేసి, కంచె కట్టి, ఆ కులం వాళ్లని అందులో ఉంచిన కాలం. పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, ఆ కంచె మేనేజరు బల్ల ముందు బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వెయ్యాలి. వేస్తూ "హాజర్ దొరా" అనాలి. ఆలస్యమైతే కొరడా. గోవిందుకి మీసాలు రాకముందు నుంచీ అదే బతుకు.

ఊళ్లో ఒక షావుకారు కొట్టుకు కన్నం పడింది. గోవిందు ఆ కొట్టు మొహం కూడా ఎరగడు. అయినా పట్టుకెళ్లారు. వీపు చీరేశారు. ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు చెల్లదు కాబట్టి తెల్ల మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకొచ్చారు. కచేరీ మెట్ల దగ్గర భార్య సుంకమ్మ అడ్డం వచ్చి, "మాటలు రాకపోతే మానె, దొరకి నీ వీపు చూపించు. చాలు," అంది.

దొర మంచివాడే. పోలీసుల్ని గది దాటించాడు. తలుపు తనే వేశాడు. "నీకు ఇష్టమైతేనే చెప్పు. నిన్నెవరూ బలవంతపెట్టలేదు కదా?" అని గుమాస్తా చేత తెలుగులో అడిగించాడు.

గోవిందు కళ్లలో నీళ్లు తిరిగాయి. వీపు చూపించడానికి అటు తిరగబోయాడు. సరిగ్గా అప్పుడే, భోజనం వేళ మించిపోతోందని, గుమాస్తా ముందే సాపు రాసి ఉంచిన ఒప్పుకోలు కాగితం, సిరా పెట్టె బల్ల మీదికి జరిపాడు.

గోవిందు సిరా పెట్టెను చూశాడు. తిరగబోయినవాడు ఆగిపోయాడు. తల వంచి, బొటనవేలు చాపి, ముద్ర వేశాడు.

"హాజర్ దొరా," అన్నాడు.

గుమాస్తా పకపకా నవ్వాడు. దొర నవ్వలేదు. ఖైదీ చేతిని ఎవరూ పట్టుకోలేదని, తన ఇష్టంతోనే ముద్ర వేశాడని కింద రాసి సంతకం పెట్టాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. గోవిందు జైల్లోనే పోయాడు. సుంకమ్మ బతికినన్నాళ్లూ, "చూపించాడా? వీపు చూపించాడా?" అని కనబడ్డవాళ్లనల్లా అడిగేది.

వరూధిని గ్లాసు కింద పెట్టింది. టీ అలాగే ఉంది.

"హక్కు దొరే ఇచ్చాడమ్మా, కాదనను," అన్నాడు మాస్టారు. "ఆ వేలికి అలవాటు నేర్పిందీ దొరే. ఇప్పుడు దొర లేడు కదా. మరి నిన్న నీ మనిషికి ఎవరు నేర్పారు?"

నిన్న కోర్టులో వరూధిని కాగితాలు సర్దుకుంటూ ఉండి ఆ క్షణం చూడలేదు. మీరు చూశారు. "లేదయ్యా" అనే ముందు ఆ మనిషి ఎవరి మొహం వైపు చూశాడు?