ఈరమ్మ మంచం దగ్గరి చీటీ

డాక్టర్ అచ్యుతాంబ గారికి ఒక అలవాటు. ఐసీయూలో ఎవరేం అడిగినా బల్ల దగ్గర కూర్చుని జవాబు చెప్పరు, రోగి మంచం దాకా నడిపించుకు వెళ్తారు. ఆవిడ దగ్గర మూడేళ్లు పనిచేస్తే వైద్యంతో పాటు కాళ్ల నొప్పులూ వస్తాయని శిష్యులు చెప్పుకుంటారు.

ఆ ఉదయం జూనియర్ డాక్టర్ తిరుమలేశు ఒక రిపోర్టు పట్టుకుని ఎదురొచ్చాడు. ఆరో మంచం మీది ఈరమ్మ మిర్చి యార్డులో కూలీ. రక్త క్యాన్సర్ మందులకు ఆమె ఒంట్లో తెల్లకణాలు అడుగంటాయి, తొమ్మిది రోజులుగా జ్వరం దిగడం లేదు. ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందేమోనని మొదలుపెట్టిన మందు కిడ్నీలను పీడిస్తోంది, అదీ అతని బెంగ. చొరబడిన శత్రువు మీదికి ఒంట్లోని తెల్లకణాలు తయారుచేసేవే యాంటీబాడీలు కదా. అవి లేవంటే శత్రువే రాలేదని అతని లెక్క.

"ఫంగస్ యాంటీబాడీలు నెగెటివ్ మేడమ్. మందు ఆపేద్దామా?"

ఆవిడ రిపోర్టు అందుకోలేదు. నేరుగా ఆరో మంచం దగ్గరికి వెళ్లి, అక్కడ వేలాడే చీటీ తీశారు. రోజూ పొద్దున్నే రోగులను నొప్పి ఉందా అని అడిగి అందులో రాయడం ఆ వార్డులో జూనియర్ల పని. 'నొప్పి లేదు' అని తిరుమలేశు చేతిరాత గుండ్రంగా ఉంది.

"నీకెలా తెలిసిందయ్యా?"

"అడిగాను మేడమ్. ఏమీ అనలేదు."

ఈరమ్మ గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉంది. మత్తుమందుకి కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. తానన్న మాట ఎలా ఉందో అన్నాక గానీ అతనికి తెలియలేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ నర్సు సాయంతో ఈరమ్మను పక్కకి తిప్పించారు. తిప్పుతుంటే మానిటర్ మీద నాడి నూట ముప్పై దాటింది. నడుము కింద సిరంజి మూత ఒకటి ఇరుక్కుని, అక్కడ చర్మం కమిలిపోయింది. అది తీసి దిండు సర్దాక నాడి నెమ్మదిగా దిగింది. తిరుమలేశు ఈరమ్మ చేయి పట్టుకుని "క్షమించమ్మా" అన్నాడు. పెన్ను తీసి 'లేదు' కొట్టేసి, 'చెప్పలేని స్థితి' అని రాశాడు.

అచ్యుతాంబ గారు అది చదివి తలూపారు.

"సిస్టర్, ఫంగస్ మందు ఈ పూట కూడా ఎక్కించండి. కిడ్నీల సంగతి నేను చూసుకుంటాను" అని, తిరుమలేశు వైపు తిరిగారు.

"పెన్ను అప్పుడే మూయకయ్యా. నీ చేతిలో ఇంకో కాగితం ఉంది."