తొంభై వేల బండి, విరగని అరిసెలు

ఫాల్గుణ శుద్ధ అష్టమి బుధవారం మొదలుకొని దశమి శుక్రవారం దాకా దాలినాయుడికీ, అతని ఇద్దరు తమ్ముళ్ళకీ తీరని అన్యాయం జరిగింది. ఈ సంగతి దాలినాయుడే చెబుతాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. చెప్పింది చెప్పినట్టు చేసి తిట్లు తిన్న మగవాళ్ళు చోడవరం చుట్టుపక్కల ఇంకెవరైనా ఉంటే చూపించమంటాడు.

ఆ అన్నదమ్ములకి తమ తెలివి మీద కొండంత గురి. "జనం సగం మాట వింటారు, మిగతా సగం సొంతంగా ఊహించుకుంటారు. అందుకే పాడైపోతున్నారు," అంటాడు దాలినాయుడు. "మేం అలా కాదు. చెప్పినంతా వింటాం. చెప్పనిది చస్తే చెయ్యం." నడిపివాడు గంగులు, చిన్నవాడు సత్యం ఆ మాటకి తలలూపుతారు. ఆపమని ఎవరూ చెప్పకపోతే అలాగే ఊపుతూ ఉంటారు.

ఆ ఇంట్లో నాలుగు కంచాల్లోకి అన్నం వచ్చేది దాలినాయుడి పెళ్ళాం నూకరత్నం మూకుడులోంచే. పెళ్ళిళ్ళకి సారె పిండివంటలు చేస్తుంది. చెయ్యి మంచిదే, దారే మంచిది కాదు. ఊరినుంచి చోడవరానికి పద్నాలుగు కిలోమీటర్లు. ఆటోలో పడి కుదుపులు తినేసరికి అరిసెలు ముక్కలు, జంతికలు పొడి. విరిగిన సారె తెచ్చిన కోడల్ని అత్తగారు వదిలిపెడుతుందా? ఆ మాటలన్నీ తిరిగొచ్చి నూకరత్నానికే తగిలేవి. అలా ఒక్క ఏడాదిలో ముగ్గురు పెళ్ళివారు ఆమెని వదిలేశారు.

ఇప్పుడు చోడవరం ప్లీడరుగారి ఇంటినుంచి కబురొచ్చింది. శుక్రవారం పన్నెండింటికి పిల్ల అత్తారింటికి కారెక్కుతుంది. ఈలోగా సారె రావాలి, ఒక్క అరిసె విరక్కూడదు. ఇది నిలబడితే చోడవరంలో పెద్దిళ్ళ సారెలన్నీ ఆమెవే. పోతే మూకుడు బోర్లించుకోవడమే.

నూకరత్నం జంతికలు చుట్టే కాగితాలు చదివి చదివి సగం లోకం తెలుసుకున్న మనిషి. క్రూజర్ అనే మోటారు సైకిలు గురించీ అలాగే చదివింది. పొడుగ్గా ఉంటుంది, సీటు కిందికుంటుంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు, పక్కల పెట్టెలు బిగించుకోవచ్చు. కొత్తది మన వల్ల కాదు, పాతదైతే చూడొచ్చు అనుకుంది. బుధవారం పొద్దున్నే ముగ్గురినీ వరసగా నిలబెట్టింది.

"ఇదిగో, తొంభై వేలు. తొంభై వేలకి మంచి క్రూజర్ తీసుకురండి. ఒక్క రూపాయి ఎక్కువైనా ఒప్పుకోను. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. సీటు మీద నీళ్ళగ్లాసు పెడితే తొణక్కూడదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడండి, ముందే వేడిచేసి పెట్టిన బండిని నమ్మొద్దు. షాపువాడు నూరు కబుర్లు చెబుతాడు, వాడి మాట వినకండి. నా మాట గుర్తుపెట్టుకోండి."

"ఇంకేమైనా ఉందా వదినా?" అన్నాడు సత్యం.

"లేదు."

"అయితే తలుపు తియ్యి. బయటికెళ్ళమని నువ్వు చెప్పలేదని అన్నయ్య ఇక్కడే ఆగాడు."

చోడవరంలో పాత బళ్ళ షాపు ఓనరు జోగారావు మర్యాదస్తుడు. మంచి నల్ల క్రూజర్ చూపించాడు. హ్యాండిలుకి కార్డు వేలాడుతోంది, దాని మీద అరవై రెండు వేలని రాసుంది. దాలినాయుడు ఎక్కి కూర్చున్నాడు. పాదాలు రెండూ ఆనాయి. దిగి, సీటు మీద నీళ్ళగ్లాసు పెట్టించాడు. కదలని బండి మీద కదలని గ్లాసు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి పావుగంట చూశారు.

"తొణకలేదు," అన్నాడు గంగులు.

"నడిపి చూడండి బాబూ," అన్నాడు జోగారావు.

"నీ మాట వినొద్దంది మా వదిన."

తర్వాత ఇంజను. దాలినాయుడు చెయ్యి పెట్టి చూస్తే చుర్రుమని కాలింది. పొద్దున్నించీ ఎండలో ఉన్న బండి మరి. జోగారావు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఎవరు వింటారు? అంతే, గంగులు పక్కనున్న చేపల కొట్టుకి పరిగెత్తి రెండు బుట్టల ఐసు తెచ్చాడు. ముగ్గురూ చొక్కాలు విప్పి, ఐసు మూటలు కట్టి, జ్వరమొచ్చిన పిల్లాడికి తడిగుడ్డ వేసినట్టు ఇంజను చుట్టూ కట్టారు. బండంతా కొరమీను కంపు. అయినా పాపం మంచి బండి. నాలుగుసార్లు దగ్గి స్టార్టయింది.

"నచ్చింది. తొంభై వేలు తీసుకో," అన్నాడు దాలినాయుడు.

"అరవై రెండే బాబూ. కార్డు మీద చూడండి."

"మాకు తొంభై వేల బండి కావాలి."

"ఇదే బండి, అరవై రెండుకి వస్తోంది కదా."

"మేమేమైనా వెర్రివాళ్ళమనుకుంటున్నావా? తొంభై పెట్టి కొనమంటే అరవై రెండుది అంటగడతావా?"

జోగారావు ఇరవై ఎనిమిది వేలు దాలినాయుడి జేబులో పెట్టాడు. దాలినాయుడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ జేబులో పెట్టాడు. మళ్ళీ బల్ల మీదికొచ్చాయి. మనిషి మంచివాడే, కానీ ఎంతసేపని మంచిగా ఉంటాడు? తెప్పించిన టీ చల్లారిపోయాక డబ్బు గల్లాపెట్టెలో వేసుకున్నాడు.

ఇక ఇంటికి. ఇంజను చూస్తే వేడెక్కి ఉంది, చల్లగా ఉన్నప్పుడే కదా స్టార్ట్ చెయ్యాలి. పాదాలు చూస్తే నేలకి ఆని ఉండాలి. ఇంకేముంది, ముగ్గురూ వరసగా సీటెక్కి, ఆరు పాదాలతో నేలని తోసుకుంటూ బయల్దేరారు. పొడుగాటి నల్ల జెర్రి ఒకటి రోడ్డు మీద పాకుతున్నట్టుంది. దాలినాయుడికి బండి నడపడం రాక కాదు. చెప్పనిది చెయ్యడం రాక.

గురువారం తెల్లారేసరికి ఇల్లు చేరారు. ఆరు చెప్పులూ అరిగి, పట్టీలు మాత్రం మిగిలాయి.

నూకరత్నం బండి చుట్టూ తిరిగింది. ముక్కు మూసుకుంది. ఇంటికొచ్చిన తీరు విని నుదురు కొట్టుకుంది. "ఏమయ్యా, కాళ్ళు పైకెత్తి కదా నడపాలి."

అంతే. ఇంకా సీటు మీదే ఉన్న ముగ్గురూ ఒక్కసారి కాళ్ళు పైకెత్తారు. నిలబడి ఉన్న బండి ఉన్నపళంగా ఒరిగి పేడకుప్పలో పడింది.

"కదిలాక ఎత్తాలి. ఆగేముందు దించాలి. ఇంజను వేడెక్కినా ఫరవాలేదు. మీ అమ్మ మిమ్మల్ని కనేటప్పుడు ఎలా వాడాలో చెప్పే పుస్తకం కూడా ఇచ్చి ఉండాల్సింది," అంది నూకరత్నం.

"ఇవ్వలేదు," అన్నాడు దాలినాయుడు, నిజం చెప్పడం మంచిదని.

శుక్రవారం పొద్దున్నే కడిగిన బండికి రెండు పక్కలా రేకు పెట్టెలు బిగించింది. గడ్డి పరిచి, గుడ్డ పరిచి, ఒక దాంట్లో అరిసెలు, పాకుండలు, రెండో దాంట్లో జంతికలు, లడ్లు సర్దింది. మూతలు కడుతుంటే హ్యాండిలుకున్న కార్డు చేతికి తగిలింది. పేడ తుడిచి చదివింది.

ఆ తర్వాత ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు. గంగులు కోళ్ళగూటి వెనక్కి వెళ్ళాడు. సత్యం కోళ్ళగూట్లోకే వెళ్ళాడు.

"వినండి," అంది చివరికి. "నేను ముందు ఆటోలో పెళ్ళింటికి పోతాను, మీ వెనక కూర్చునే ధైర్యం నాకు లేదు. మీరు మెల్లగా నడుపుకుంటూ వెళ్ళి, ఆ షాపులో ఆగి, ఇరవై ఎనిమిది వేలు తీసుకుని పెళ్ళింటికి రండి. ఆ డబ్బు లేకుండా మాత్రం నాకు మొహాలు చూపించకండి. ఇంకోటి, దారిలో పెట్టెలు తెరవకండి. మీ సంగతి నాకు తెలుసు."

పదకొండున్నరకి ప్లీడరుగారి భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఏం రత్నం, పిల్ల కారెక్కే టైమవుతోంది. సారేదమ్మా?"

"వస్తోందమ్మగారూ," అంటూ నూకరత్నం వీధి చివరికి చూసింది. మొహాలు వెలిగిపోతూ ముగ్గురు నడిచొస్తున్నారు. నడిచి.

దాలినాయుడు నోట్ల కట్ట ఆమె చేతిలో పెట్టాడు. "ఇరవై ఎనిమిది వేలు. లెక్కపెట్టుకో."

"బండేది?"

"జోగారావుకిచ్చాం. అమ్మకం అయిపోయింది, ఇక పైసా వెనక్కివ్వనన్నాడు. ఏదైనా అమ్మితే డబ్బిస్తానన్నాడు. మా దగ్గరేముంది? బండుంది. ఎంతకిస్తారన్నాడు. ఇరవై ఎనిమిది వేలన్నాం. ఒక్క మాట బేరమాడితే ఒట్టు."

నూకరత్నం వాళ్ళ ఖాళీ చేతులకేసి చూసింది. "పెట్టెలు?"

"బండికే ఉన్నాయి వదినా," అన్నాడు సత్యం గర్వంగా. "తెరవలేదు. వాసన కూడా చూడలేదు."

లోపల పెళ్ళికూతురి ఏడుపు మొదలైంది, కారు హారన్ మోగింది. నూకరత్నానికి బండి పోయింది, డబ్బు పోయింది, పోనీ. సారె ఒక్కటి అందితే పేరైనా మిగులుతుంది. కట్ట మళ్ళీ దాలినాయుడి చేతిలో కుక్కింది. "పరిగెత్తండి. వాడు పెట్టెలివ్వనంటే ఎంతైనా ఇచ్చి తీసుకురండి. అరిసె విరిగిందో, మీ కాళ్ళు విరుగుతాయి."

పరిగెత్తారు. షాపు రెండు వీధుల అవతలే. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా ఒక పెట్టె గంగులు నెత్తి మీద, ఒకటి సత్యం నెత్తి మీద, పసిబిడ్డల్ని తెచ్చినట్టు తెచ్చారు. ప్లీడరుగారి భార్య మూత తీసింది. అరిసె విరగలేదు. జంతిక చెదరలేదు. ఆవిడ మొహం విప్పారింది. "వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళికి కూడా నువ్వే చెయ్యాలి," అని కారు దగ్గరికి నడిచింది.

నూకరత్నం రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. మొగుడి వైపు చెయ్యి చాచింది. "ఏదీ, డబ్బిలా ఇయ్యి."

"ఏ డబ్బు?"

"ఇరవై ఎనిమిది వేలు."

"జోగారావుకి ఇచ్చేశాం కదా."

"పెట్టెలకి ఇరవై ఎనిమిది వేలు అడిగాడా వాడు?"

"అయ్యో, అంత మాటనకు. ఏమీ అడగలేదు. మీ పెట్టెలు మీవే, పట్టుకుపొండి బాబూ అన్నాడు. వాడి మాట వినొద్దని నువ్వే చెప్పావు." దాలినాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎంతైనా ఇమ్మన్నావు. ఉన్నదంతా ఇచ్చాం. తీసుకోనని ఏడిచాడు కూడా. బలవంతాన జేబులో కుక్కి, బయటినుంచి షాపు గడియపెట్టి వచ్చాం."

నూకరత్నం రెండు చేతులతో నుదురు కొట్టుకుంది. దాలినాయుడు మాత్రం వేళ్ళు మడుచుకుంటూ లెక్క చూసుకున్నాడు. బండి లేదు, పెట్టెలున్నాయి. ఫాల్గుణ శుద్ధ దశమి శుక్రవారం మధ్యాహ్నానికి మొత్తం ఖర్చు సరిగ్గా తొంభై వేలు. ఆమె చెప్పినదానికి ఒక్క రూపాయి ఎక్కువ కాలేదు.