ఏడు పుస్తకాలు, ఒక గొయ్యి

నమ్మలేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి, తర్వాత గొణగొద్దు! ఇన్నాసయ్య గడ్డపారతో ఒక్క పోటు వేస్తే ఏడూళ్ల బావుల్లో నీళ్లు తొణికేవి. ఊళ్లో పోయిన క్రైస్తవులందరికీ గోతులు తవ్వింది ఆయనే. అంతటివాడు ఆ రోజు భార్య చౌరమ్మ శవంతో సమాధుల తోట గేటు బయట ముసురులో నిలబడ్డాడు.

గేటుకు అడ్డంగా చర్చి నడిపే దైవసహాయం అయ్యగారు. బైబిల్లో ఉండాల్సినవి డెబ్బైమూడు పుస్తకాలు కావు, అరవై ఆరేనని ఆయన ఈమధ్యే తేల్చి, మిగతా ఏడూ తీసేయించారు.

"ఆ ఏడూ దేవుడి వాక్కని నమ్మినవాళ్లకి ఈ నేలలో చోటు లేదురా. నీ పెళ్లాం చచ్చేదాకా నమ్మింది."

"నమ్మిందండి," అన్నాడు ఇన్నాసయ్య. శవం తడవకుండా తాటాకులు కప్పి, గడ్డపార భుజానేసుకుని, కంచె దాటి వెళ్లి ఒక చలువరాతి సమాధి దగ్గర ఆగాడు.

అయ్యగారు గొడుగు వదిలేసి పరిగెత్తారు. "ఒరేయ్, అది మా అమ్మ సమాధి!"

"అందుకే తవ్వి బయటికి తియ్యడం ఇక్కడ మొదలెడుతున్నానండి. ఆ ఏడింట్లోని తోబితు కథ వినందే అమ్మగారికి నిద్రపట్టేది కాదు. చదివి వినిపించింది తమరే. ఇప్పుడు ఆవిణ్ణి ఎక్కడికి పంపమంటారు?"

ఉరుములు కూడా నోరు మూసుకున్నాయి. అయ్యగారే వెళ్లి గేటు బార్లా తెరిచారు.

ఇన్నాసయ్య గెలిచాడు. గెలిచి, పెళ్లాం గొయ్యి తన చేతులతోనే తవ్వుకున్నాడు. ఆ పోట్లకి మాత్రం ఏ బావీ తొణకలేదు.

అబద్ధమంటారా? సాక్షి ఉంది. అయ్యగారి తల్లి ఆరోగ్యమ్మ, చౌరమ్మ పక్కనే పడుకుని ఉంది. వెళ్లి అడగండి.