అచ్యుతం చెప్పిన పథ్యం

"గురువుగారూ, చిరాకు పిత్తం వల్ల పుడుతుందా, వాతం వల్లా?" అని ఒకనాడు అచ్యుతం అడిగాడు. మా గురువు యజ్ఞన్నగారి దగ్గర వైద్యం నేర్చుకుంటున్నవాళ్లలో అతనే అందరికన్నా తెలివైనవాడు. అతనితోనే మాకు వేగలేక ప్రాణం విసిగిపోయేది. పొద్దున్నే మొహం ముటముటలాడించుకుంటూ వచ్చాడంటే ఆ పూట వైద్యశాలలో గట్టిగా దగ్గడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

"కారణం తెలిస్తే మందు వేసుకుంటాను," అన్నాడు అచ్యుతం. "అయినా నా చిరాకు నాలోనే ఉంటుంది. ఎవర్నీ పల్లెత్తు మాట అనను. దానివల్ల ఇంకొకళ్లకి వచ్చిన నష్టమేమిటో నాకు బోధపడదు." అనడు, నిజమే. తలుపులు అంటాయి, మందు నూరే కల్వం అంటుంది. అవన్నీ వింటూ కూర్చోవలసిన ఖర్మ మాది. గురువుగారికి అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాంలే" అని, కరక్కాయలు ఎండబెట్టుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయారు.

మర్నాడు మంగాయమ్మ పరుగున వచ్చింది. ఆవిడ ఇల్లు మా వీధి చివరే. కూతురు పుణ్యవతి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి, ఆడపిల్లని కని, ఇంకా అక్కడే ఉంది. "పసిది గుక్కపట్టి ఏడుస్తోందండీ. తల్లికి పాలు పడటం లేదు. నిన్నటి నుంచీ మరీ ఘోరంగా ఉంది," అంటూ కళ్లు తుడుచుకుంది. గురువుగారు చెప్పుల్లో కాళ్లు పెడుతూ అచ్యుతాన్ని రమ్మన్నారు. నన్ను మందుల సంచీ పట్టుకోమన్నారు.

మేం వెళ్లేసరికి పుణ్యవతి గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఒళ్లో బిడ్డ ఏడుస్తూంటే జోకొట్టే ఓపిక కూడా లేదు ఆ పిల్లకి. గురువుగారు నాడి చూసి, ఏం తింటున్నావమ్మా అని అడిగారు. "శొంఠిపొడి అన్నమండీ," అని మంగాయమ్మ జవాబు చెప్పింది. "రెండు పూటలా అదే. పథ్యం తప్పితే బాలింతకి సన్నిపాత జ్వరం కమ్ముతుందని నేనే దగ్గరుండి పెడుతున్నాను."

"పప్పు? నెయ్యి? పాలు?"

"అన్నీ మానేశామండీ."

ఎవరు చెప్పారని అడిగితే ఆవిడ ఎంతో గౌరవంగా అచ్యుతం వైపు చూపించింది. "ఆ మధ్య మీరు పొరుగూరు వెళ్లిన పూట, దీని చేతుల మీద దద్దుర్లు లేచాయని వచ్చామండీ. బాబుగారే మందిచ్చి, వంకాయ మానెయ్యమన్నారు. పప్పు తినొచ్చా అని ఇది అడిగింది. మానెయ్ అన్నారు. నెయ్యి వేసుకోవచ్చా అంది. అదీ మానెయ్ అన్నారు. పాలన్నా తాగొచ్చా అంటే, అవీ మానెయ్ అన్నారు."

వంకాయ వరకూ సబబే. పాలిచ్చే తల్లికి పాలూ నెయ్యీ మాన్పించమని ఏ శాస్త్రంలో ఉందయ్యా మహానుభావా? ఎక్కడా లేదు. ఆ పూట అయ్యగారి మనసు బాగాలేదు, అంతే. ఎదురుగా ఉన్నది బాలింత అని తలెత్తి చూడకుండా నోటికొచ్చింది అనేశాడు. వీళ్లు దాన్ని వేదంలా పట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అచ్యుతం మాత్రం గుమ్మం పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"మళ్లీ వచ్చి అడగకపోయావా తల్లీ?" అన్నారు గురువుగారు.

"అడిగినకొద్దీ ఒక్కోటీ పోతోందండీ," అంది పుణ్యవతి. "ఇంకా అడిగితే అన్నం కూడా మానెయ్యమంటారని ఊరుకున్నాను."

 గురువుగారు మంగాయమ్మతో, పక్కవీధిలో పాలిచ్చే తల్లి ఎవరైనా ఉంటే వెంటనే తీసుకురమ్మన్నారు. ఆవిడ కొంగు బిగించి పరుగెత్తింది. పుణ్యవతి భయం భయంగా, పప్పు తినొచ్చా అని అడిగింది. తినమన్నారు. నెయ్యి అంది. అన్నం తడిసేలా పోసుకోమన్నారు. పాలు, వెల్లుల్లి, ఆకుకూరలు, ఆ పిల్ల అడగనివన్నీ ఆయనే ఒక్కొక్కటిగా చెప్పారు. ఆమె మొహంలోకి చూస్తూ, అర్థమైందో లేదో కనుక్కుంటూ చెప్పారు.

ఆ పాలిచ్చే తల్లి వచ్చే వేళకి మగవాళ్లం లోపల ఉండకూడదని ముగ్గురం వీధరుగు మీదికి వచ్చాం. మంగాయమ్మ ఇంకా తిరిగి రాలేదు. అచ్యుతం గొంతు సవరించుకుని, దద్దుర్లకి పథ్యం ఎందుకు కఠినంగా ఉండాలో శ్లోకాలతో సహా చెప్పబోయాడు. ఆ శ్లోకాలూ వాడూ. గురువుగారు చెయ్యెత్తి ఆపారు.

"అదలా ఉంచు. ఆ పూట నీకు చిరాకు ఎందుకు వచ్చింది?"

అచ్యుతం ఆలోచించాడు. నుదురు రుద్దుకుని మళ్లీ ఆలోచించాడు. పాపం, నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు.

"జ్ఞాపకం లేదండీ," అన్నాడు చివరికి. "సాయంత్రానికల్లా తగ్గిపోయింది."

లోపల బిడ్డ ఏడుస్తూనే ఉంది.

"నీకు తగ్గింది నాయనా," అన్నారు గురువుగారు. "ఆ పసిదానికే ఇంకా తగ్గలేదు."