బురద నేర్చుకున్న అలుకుడు

“ఓలమ్మో! సముద్రం వీధిలోకొచ్చేసిందర్రా!”

ఆ కేక విని నూకాలవ్వ పొయ్యి మీది పులుసు దాకను గబుక్కున అటకెక్కించింది.

ఒకప్పుడు ఇది తరచూ జరిగే గొడవే, పిల్లలూ. ఎందుకంటారా? సముద్రుడికి బొత్తిగా మతిమరుపు. నిన్న ఎక్కడిదాకా వచ్చాడో ఇవాళ గుర్తుండదు.

“ఏటయ్యా సముద్రయ్యా, ఇది మా వీధి!” అంది అవ్వ.

“కాదు, నేనెప్పుడూ ఇక్కడే ఉన్నాను. కాదని చెప్పే సాక్షి ఉంటే చూపించు. ఏడాది గడువు. లేకపోతే నీ పొయ్యి దాకా నాదే!” అని వెనక్కి తిరిగాడు.

అవ్వ ఊరి ముందున్న బురద దగ్గరికి పరిగెత్తింది. “ఏమే, రోజూ నీ మీదే కదా ఆయన నడిచేది. ఎప్పుడొచ్చాడో, ఎప్పుడెళ్లాడో చెప్పలేవా?”

బురద సిగ్గుపడింది. “ఆయన వెళ్లగానే ఒళ్లంతా కడిగేసుకుంటానవ్వా. మురికి నాకు పడదు.”

బురదకి మురికి పడదట! అంత దిగుల్లోనూ అవ్వకి నవ్వొచ్చింది. ఇంటికెళ్లి అరుగు నుంచి ఊడిన పెచ్చు ఒకటి తెచ్చి చూపించింది.

“చూడు. అలికిన ప్రతిసారీ ఒక పొర. అడుగున ఈ ఎర్రమట్టి నా పెళ్లికి అలికింది. దాని మీదది మా పెద్దోడు పుట్టినప్పటిది. నేను కడగలేదే, పైన అలికాను. అందుకే అన్నీ ఉన్నాయి.”

ఆ రోజే బురద కడుక్కోవడం మానేసింది. సముద్రుడు పైకొస్తే, ఆయన తెచ్చిన గవ్వల్ని కలిపి పల్చగా అలుక్కునేది. వెనక్కి పోతే, అక్కడ మొలిచిన గడ్డి వేళ్ల మీదుగా అలుక్కునేది.

గడువు రోజు రానే వచ్చింది. సముద్రుడు ఉరుముకుంటూ వీధి మొదట్లో నిలబడ్డాడు. దాక మళ్లీ అటకెక్కింది.

“పీత తమ్ముడూ, తవ్వరా!” అంది అవ్వ, ఆ బురదలోనే కాపురముండే పీతతో.

పీత నిలువునా గొయ్యి తీసింది. లోపల పొరల మీద పొరలు!

“ఇది గవ్వల పొర, మీరు వచ్చినప్పటిది,” అంది బురద. “దీని పైన వేళ్ల పొర, మీరు వెళ్లినప్పటిది. మళ్లీ గవ్వలు, మళ్లీ వేళ్లు. వచ్చిన ప్రతిసారీ వెళ్లారు, సముద్రయ్యా!”

సముద్రుడు వంగి చూశాడు. “అవి నా గవ్వలే! అయితే నేనిక్కడికి చుట్టపుచూపుగా వచ్చేవాణ్ణన్నమాట,” అని నాలుక్కరుచుకుని, మెల్లగా వెనక్కి జారుకున్నాడు.

హమ్మయ్య! ఊరంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

అప్పటినుంచే సముద్రం పక్కనుండే బురద పొరలు పొరలుగా పేరుకుంటోంది. దాన్ని తవ్వి చూస్తే, సముద్రం పూర్వం ఎప్పుడు పైకొచ్చిందో, ఎప్పుడు వెనక్కి పోయిందో ఇప్పటికీ తెలుస్తుంది.

అన్నట్టు, ఆ రోజు దాక అటక దిగింది. అలికిన అరుగు మీద అందరూ వరసగా కూర్చున్నారు. పీత మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“అవ్వా, పులుసులో ఎవరున్నారు?”

“చేపలేరా! మీవాళ్లెవరూ లేరు, వచ్చి కూర్చో.”

అప్పుడు కూర్చుంది పీత. అందరూ అన్నం కలుపుకున్నారు.