తాటిచెట్టెక్కిన కాపలాదారు

మెట్టగూడెం అడవిలో దుప్పులకీ కొండముచ్చులకీ తాతల నాటి ఒప్పందం ఒకటుంది. చెట్టు మీద కూర్చుని చూడడం కొండముచ్చు వంతు, కింద నిలబడి వాసన పట్టడం దుప్పుల వంతు. చిరుత కనబడితే పైనుంచి ఖక్కుమని ఒక్క దగ్గు వినబడుతుంది, మందంతా వాగు దాటేస్తుంది.

ఆ కాపలా గవిరయ్య అనే కొండముచ్చుది. ఏళ్ల తరబడి మద్దిచెట్టు కొమ్మ మీద కూర్చుని నిక్షేపంగా కాశాడు. ఈ వేసవిలో మాత్రం పక్కనున్న తాటిచెట్టు మీదికి మకాం మార్చాడు. ఆ చెట్టుకి కల్లుగీసే మనిషి కల్లు పట్టే కుండలు, మూడు లొట్టీలు కట్టి వెళ్లాడు.

"ఇక్కణ్నుంచి చూపు బాగా ఆనుతుంది," అన్నాడు గవిరయ్య.

"మన కోసం ఎంత ఎత్తెక్కాడో పాపం," అని మురిసిపోయాడు మంద పెద్ద అప్పల్నాయుడు. దేవుడు ఆయన తలకి ఇచ్చిందంతా కొమ్ములకే సరిపోయినట్టుంది.

పొద్దున్నే గవిరయ్య చేతులు వణికేవి. మంచు అన్నాడు. నడివేసవిలో మంచేమిటని ఒక్క దుప్పీ అడగలేదు. ఎండుటాకు రాలితే దగ్గేవాడు, తోడేలు వచ్చిన రోజున దగ్గలేదు. కళ్లు ఎర్రబడ్డాయంటే రాత్రంతా కాపలా కాశాడు కాబోలు అనుకున్నారు. గవిరయ్య భార్య సింహాచలం పిల్లల్ని తీసుకుని మద్దిచెట్టు మీదే ఉండిపోయింది. అందుకు ఆవిడ నోరే మంచిది కాదని దుప్పులు తేల్చేశాయి.

మందలో నూకాలుకి పది రోజుల పిల్ల ఉంది. ఇంకా సరిగా పరుగెత్తలేదు. దగ్గు కాస్త ఆలస్యమైతే అందరూ వాగు దాటుతారు, ఆ పిల్ల దాటదు. ఒకనాడు నూకాలు నీళ్లు తాగడానికి వెళితే పొద అవతల మాటలు వినబడ్డాయి.

"ఇంకెన్నాళ్లు ఆగమంటావు?" అంటోంది చిరుత.

"రేపటిదాకా," అంది నక్క. "వాణ్ని నెల్లాళ్లుగా చూస్తున్నాను. పొద్దున వణుకుతాడు, గొంతులో కాస్త పడగానే వణుకు ఆగిపోతుంది. మొదట్లో ఒక్క లొట్టితో సరిపోయేది, ఇప్పుడు మూడూ కావాలి. ఎందుకురా అంటే మీద పడి కరుస్తాడు. మొన్న పిల్లల మీద ఒట్టు వేసి మానేశాడు, ఎండెక్కేసరికి మళ్లీ చెట్టెక్కాడు. రేపు మధ్యాహ్నానికి మూడోది దించేసి గురక పెడతాడు."

"దుప్పులకి తెలీదా?"

"ఎందుకు తెలీదు? పైకి అంటే పరువు తక్కువని ఊరుకున్నారు. మన అదృష్టం."

నక్క చెప్పినవన్నీ నూకాలు కూడా చూసింది. చూసిన ప్రతిసారీ ఏదో ఒక సాకు తనే వెతికి పెట్టింది. తిన్నగా అప్పల్నాయుడి దగ్గరికి పరుగెత్తింది.

"నాయుడు మావా, గవిరయ్య తాగుతున్నాడు."

"తప్పమ్మా. పెద్దవాణ్ని పట్టుకుని అలా అనకూడదు."

"నక్క అంటోంది."

"నక్క మాట పట్టుకుని మనవాణ్ని అనుమానిస్తామా?"

అయినా నలుగురూ వినేలా గవిరయ్యని అడిగాడు. గవిరయ్య తాటిమట్ట పట్టుకుని ఊగిపోయాడు. "నేను తాగుబోతునా? ఎండ దెబ్బ తగలకుండా ఓ గుక్క పుచ్చుకుంటాను. తాగేవాడైతే కింద పడతాడు. ఇన్నాళ్లలో ఎప్పుడైనా పడ్డానా?"

పడలేదు నిజమే. మందంతా సిగ్గుపడి క్షమించమంది.

"అయితే రేపు నేను మేయను. నేనే కాపలా చూస్తాను," అంది నూకాలు.

"నీ ఇష్టం. కాకపోతే అతనికి కనబడకుండా నిలబడు, బాధపడతాడు," అన్నాడు అప్పల్నాయుడు.

మర్నాడు నూకాలు పిల్లని వాగు అవతల దాచి, కడుపు మాడ్చుకుని బండ మీద నిలబడింది. మధ్యాహ్నం గడ్డి కదిలింది. గవిరయ్య తల మోకాళ్ల మధ్య వేలాడుతోంది, మూడో లొట్టి పక్కన మట్టల్లో బోర్లా పడి ఉంది. నూకాలు కాలితో బండని దబదబా తన్ని గొంతెత్తి అరిచింది. చిరుత దూకేసరికి మైదానంలో ఒక్క దుప్పి లేదు.

ఆ గోలకి గవిరయ్య ఉలిక్కిపడి లేచాడు. కొలువు గుర్తొచ్చి నిటారుగా నిలబడబోయి, ఖాళీ లొట్టి మీద కాలేశాడు. లొట్టీ తనూ కలిసి చిరుత ముందు పడ్డారు. పడ్డవాడు పడ్డట్టే, దాని ముక్కు మీద ఖక్కుమని దగ్గాడు. నెల రోజుల్లో సమయానికి దగ్గిన దగ్గు అదొక్కటే. చావు తప్పించుకుని మద్దిచెట్టెక్కాడు గానీ, తోక సగం చిరుత నోట్లో ఉండిపోయింది.

చిరుత నక్క వైపు తిరిగింది. "నెల్లాళ్లు చూశానన్నావు. ఆ బండ మీద ఆడదాన్ని చూడలేదా?" ఆ తర్వాత నక్క కుంటుతూ అడవి వదిలి పోయింది.

సాయంత్రం మంద తిరిగొచ్చింది. "దాని దృష్టి మళ్లించాలని కావాలనే దూకాను," అన్నాడు గవిరయ్య మొండి తోక వెనక్కి దాచుకుంటూ.

అప్పల్నాయుడి కళ్లు చెమర్చాయి. "ఎంత త్యాగం."

"మావా," అంది నూకాలు, "చూడడం వాళ్ల వంతు. వాసన పట్టడం మన వంతు. ఆ చెట్టు కింద ఒకసారి వాసన చూడు."

అప్పల్నాయుడు వంగలేదు. వంగే అవసరం లేదు, నెల్లాళ్లుగా ఆ పుల్లటి వాసన పీలుస్తూనే మేశాడు. మందలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. మర్నాటి నుంచి కాపలా సింహాచలానికి ఇచ్చారు, ఆవిడ నోరు అప్పటికీ మంచిది కాదు.

అయినవాళ్లు పరువు కోసం దాచిపెట్టిన తాగుడుని అందరికంటే ముందు కనిపెట్టేది శత్రువే.